దక్షిణ ఇటలీలో అగ్నిపర్వతాల వెంట, బంకమట్టి వెంట

సోమవారం, పొజ్జువోలి

నేపుల్స్ నగరానికి పశ్చిమాన, సముద్రం అంచున ఉన్న పొజ్జువోలి పట్టణం నడిబొడ్డున రోమన్ల కాలపు సంత ఒకటి తవ్వకాల్లో బయటపడింది. అందులో నేటికీ నిలబడి ఉన్న మూడు పాలరాతి స్తంభాలను చూడటానికే ముందుగా ఇక్కడికి వచ్చాము. స్తంభాల అడుగుభాగం నునుపుగా ఉంటుంది. మనిషికి రెండింతల ఎత్తు దాటాక, మూడు మీటర్లకు కాస్త తక్కువ మేర, రాయంతా చిల్లులు పడి కనిపిస్తుంది. రాతిని తొలిచి అందులోనే కాపురముండే ఒక జాతి సముద్రపు ఆల్చిప్పలు చేసిన పని అది. అంటే రోమన్ల తరువాత ఈ నేల సముద్రంలోకి కుంగింది; స్తంభాల కింది భాగాన్ని మట్టి, బూడిద కప్పి కాపాడాయి, నీటిలో మిగిలిన భాగాన్ని ఆల్చిప్పలు తొలిచాయి, ఆ తరువాత నేల మళ్ళీ పైకి లేచింది. ఇంత జరిగినా స్తంభాలు ఒరిగిపోలేదు. 1828లో ఇక్కడికి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్, రెండేళ్ళ తరువాత వెలువరించిన తన గ్రంథానికి ఈ స్తంభాల బొమ్మనే ముఖచిత్రంగా వేయించాడు.

పట్టణమంతా కాంపీ ఫ్లెగ్రెయి అనే విశాలమైన కాల్డెరాలో ఉంది. లోపలి శిలాద్రవం పెద్ద మొత్తంలో ఒక్కసారిగా ఎగజిమ్మినప్పుడు, ఆధారం పోయిన పైనేల కూలిపోయి ఏర్పడే పల్లమే కాల్డెరా. దాదాపు 40,000 ఏళ్ళ కిందట ఇక్కడ జరిగిన విస్ఫోటనపు బూడిద రష్యా మైదానాల దాకా వెళ్ళి పడింది. 1538లో కొద్ది రోజుల వ్యవధిలోనే మోంటే నువోవో అనే కొత్త గుట్ట పుట్టుకొచ్చింది. 1982, 1984 సంవత్సరాల మధ్య నేల దాదాపు 1.8 మీటర్లు లేవడంతో సుమారు 40,000 మందిని పట్టణం నుంచి తరలించవలసి వచ్చింది. 2005 నుంచి మళ్ళీ లేస్తూనే ఉంది. ఇప్పటికి మీటరుకు పైగా లేచింది. 2024 మే 20న ఇక్కడ 4.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇవన్నీ తెలిసి కూడా జనం ఇక్కడే ఉన్నారు, ఇళ్ళకు రంగులు వేసుకుంటున్నారు.

మిలాన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు ఈ యాత్రలో నాకు తోడు, సారథి కూడా. స్తంభాల దగ్గర నిలబడి వాడు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. "మావయ్యా, ఆఫ్రికా వచ్చి యూరప్‌ను ఢీకొంటోందని కదా చదువుకున్నాం. ఢీకొంటే నేల ముడతలు పడి కొండలు లేవాలి. మరి ఇక్కడ నేల సాగినట్టు, కుంగినట్టు ఎందుకుంది? ఈ నిప్పు ఎక్కడిది?"

భూమి పైపొర అయిన పెద్ద రాతి పలకలు ఢీకొనడం అనగానే మనకు హిమాలయాలు గుర్తుకొస్తాయి. అక్కడ రెండు ఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. రెండూ తేలికైన రాతివే కనుక ఏదీ సులువుగా లోతుకు దిగదు. ఇక్కడి పరిస్థితి వేరు. ఆఫ్రికా, యూరప్‌లు దగ్గరవుతున్న వేగం ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా లేదు. ఆ రెండింటి నడుమ ఒక పాత సముద్రపు అడుగు ఉండేది. దాని మిగులే నేటి అయోనియన్ సముద్రం అడుగు. కోట్ల ఏళ్ళుగా చల్లబడి బరువెక్కిన ఆ పలక, ఎవరూ నెట్టకుండానే తన బరువుకు తానే మాంటిల్ అనే భూప్రావారంలోకి దిగిపోతోంది. అలా దిగుతూ ఉండగా, అది వంగి కిందికి మళ్ళే చోటు కూడా తూర్పుకు, ఆగ్నేయానికి జరుగుతూ పోయింది. కొన్ని కాలాల్లో ఆ జరుగుడు ఏటా అయిదారు సెంటీమీటర్లుండేది. ఖండాలు దగ్గరయ్యే వేగం కంటే పలక వెనక్కి జరిగే వేగం ఎక్కువైనప్పుడు దాని వెనకనున్న నేల సాగక తప్పదు. సాగి పలచబడిన నేల కిందికి వేడి ప్రావారం పైకి రాకా తప్పదు. ఇటలీకి పశ్చిమాననున్న టిర్రేనియన్ సముద్రం తెరుచుకోవడం, దేశానికి వెన్నెముకలాంటి అపెన్నైన్ పర్వతాలు ముడుచుకోవడం ఒకే కారణం వల్ల జరిగాయని 1986లో మాలిన్వెర్నో, రయన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వ్యాసంలో వాదించారు. మా దారి పటాన్ని నేను ఆ వాదం ప్రకారమే గీసుకున్నాను: ముందు పలక వెనక వైపు, తరువాత ముందు వైపు, చివరికి దాని అంచులు.

మంగళవారం, వెసూవియస్

కొండ మీద జనం ఎక్కువ, సమయం తక్కువ. 1,281 మీటర్ల ఎత్తున్న శిఖరం దాకా నడిచి, 1944 విస్ఫోటనం తరువాత మిగిలిన దాదాపు 300 మీటర్ల లోతు బిలాన్ని చూసి దిగాము. క్రీ.శ. 79లో పాంపేయి ఎలా సమాధి అయిందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. నా దృష్టి మాత్రం దక్షిణాన కనిపించే సొర్రెంతో ద్వీపకల్పం మీదే నిలిచింది. అది అచ్చమైన సున్నపురాతి కొండ. అదే సున్నపురాయి వెసూవియస్ కింద కూడా ఉంది, కానీ కిలోమీటర్ల లోతున ఉంది. నేల సాగినప్పుడు మధ్య భాగం భ్రంశాల (రాయి విరిగి జరిగే పగుళ్ళ) వెంట దిగబడి కంపానియా మైదానం ఏర్పడింది. ఆ గుంతను అవక్షేపాలు, అంటే పొరలుగా పేరుకునే మట్టి, ఇసుక, అగ్నిపర్వతాల బూడిదతో కలిసి నింపాయి; ఇలా నిండే గుంతే బేసిన్. పాత విస్ఫోటనాల్లో కొండ విసిరేసిన రాళ్ళలో కాలి పాలరాయిగా మారిన సున్నపురాతి ముక్కలు దొరకడం దీనికి నిదర్శనం. బేసిన్ గురించి ఒక అధ్యాయంలో, అగ్నిపర్వతం గురించి మరో అధ్యాయంలో చదవడం మనకు అలవాటైపోయింది గానీ, ఇక్కడ గుంత తవ్విన చేయే నిప్పునూ తెచ్చింది.

బుధవారం, వుల్తూరె

నేపుల్స్ నుంచి తూర్పుగా అపెన్నైన్లను దాటుకుంటూ వెళ్ళే రహదారి ఇర్పీనియా ప్రాంతం మీదుగా సాగుతుంది. 1980 నవంబరు 23న ఇక్కడ వచ్చిన 6.9 తీవ్రత భూకంపంలో సుమారు మూడు వేల మంది చనిపోయారు. విచిత్రమేమిటంటే, ఆ భూకంపం నేల నొక్కుకుపోవడం వల్ల వచ్చింది కాదు, సాగడం వల్ల వచ్చింది. ముడతలతో లేచిన పర్వతమే ఇప్పుడు నడి వెన్నెముక దగ్గర ఏటా రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున విడిపోతోందని ఉపగ్రహ కొలతలు చెబుతున్నాయి. వంగుడు రేఖ తూర్పుకు జరిగేకొద్దీ ఒకప్పుడు నొక్కుకున్న చోటే తరువాత సాగే చోటుగా మారుతుంది. పశ్చిమం నుంచి తూర్పుకు కారులో రెండు గంటలు ప్రయాణిస్తే, ఒకే కథ వేర్వేరు దశల్లో వరుసగా ఎదురవుతుంది.

మధ్యాహ్నానికి మోంటే వుల్తూరె చేరుకున్నాము. ఎత్తు 1,326 మీటర్లు. వెసూవియస్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరం. దక్షిణ ఇటలీలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించిన అగ్నిపర్వతం ఇదే, ఎందుకంటే ఇది ఉండకూడని చోట ఉంది. ఇటలీ అగ్నిపర్వతాలు చాలావరకు పర్వతాలకు పశ్చిమాన, సాగిన నేల మీద వరుసగా ఉంటాయి. ఇది ఒక్కటే పర్వతాలు దాటి తూర్పున, ముడతల అంచున కూర్చుంది. దాదాపు ఏడున్నర లక్షల ఏళ్ళ కిందట మొదలై, లక్షన్నర ఏళ్ళ కిందటి ప్రాంతం వరకు ఇది ఉండుండి రగిలింది. దీని రాళ్ళలో కార్బొనేట్ ఖనిజాలతో కూడిన అరుదైన లావా ఉంది, ప్రావారం నుంచి నేరుగా తెచ్చిన రాతి ముక్కలూ ఉన్నాయి. దిగుడు పలక ఇక్కడ చీలి ఉంటుందని, ఆ చీలిక గుండా లోతట్టు ప్రావారం పైకి చేరి కరిగిందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. భూకంప తరంగాలతో తీసిన లోతు చిత్రాల్లో కూడా ఈ ప్రాంతం కింద పలక తెగిపోయినట్టే కనిపిస్తుంది.

బిలాల్లో నిలిచిన రెండు మోంటిక్కియో చెరువుల ఒడ్డున చాలాసేపు ఉన్నాము. పెద్ద చెరువు అడుగు నుంచి తీసిన మట్టి పొరల్లో లక్షా 30 వేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. కాంపీ ఫ్లెగ్రెయి, వెసూవియస్ వంటి పశ్చిమపు కొండలు ఊదిన బూడిద గాలిలో ఇక్కడికి కొట్టుకొచ్చి, ఒక్కొక్క పొరగా ఒదిగింది. చల్లారిన అగ్నిపర్వతం బతికున్న వాటి లెక్కలు రాసిపెడుతోంది.

గురువారం, మతేరా, క్రాకో

మతేరా చూడటానికి వచ్చేవారు రాతిని తొలిచి కట్టుకున్న సాస్సి ఇళ్ళను, గుహల్లోని చర్చీలను చూస్తారు. నేను ఊరి పక్కనున్న లోయలోకి దిగాను. అడుగున క్రెటేషియస్ కాలపు, అంటే డైనోసార్ల చివరి యుగపు గట్టి సున్నపురాయి ఉంది. దాని మీద, ఇళ్ళు తొలవడానికి అనువైన పసుపు వన్నె మెత్తని రాయి. ఊరి పరిసరాల్లో దాని మీద నీలి బంకమట్టి. ఈ మూడింటినీ కింది నుంచి పైకి చదివితే సముద్రం ఎలా లోతెక్కిందో తెలుస్తుంది. గట్టి సున్నపురాయి ఒకప్పుడు నేల; మెత్తని రాయి దాని మీదికి ఎక్కుతున్న సముద్రపు తీరంలో గుల్లలు, చిప్పలు నలిగి పేరుకున్నది; బంకమట్టి లోతైన నీటిలో నెమ్మదిగా దిగింది. ఈ ప్రాంతమంతా బ్రాదానో నది పేరున్న ద్రోణి, అంటే పర్వతం ముందు పలక వంగి ఏర్పడిన బేసిన్.

ఈ బేసిన్ ఎందుకు ఇంత లోతుగా ఉందన్నది 1980 దశకంలో శాస్త్రవేత్తలు లెక్కకట్టి చూసిన విషయం. కొండ బరువు పడితే పలక ఎంత వంగాలో లెక్కవేయవచ్చు. హిమాలయాల ముందున్న గంగా మైదానం విషయంలో ఆ బరువు పెద్ద కారణమే. అపెన్నైన్ల దగ్గర మాత్రం కొండలు చిన్నవి, గుంత పెద్దది. పైనున్న బరువు ఎంత మాత్రమూ చాలలేదు. కాబట్టి కింద నుంచి లాగుతున్నదేదో ఉండాలి. లోతుకు వేలాడుతున్న దిగుడు పలకే ఆ బరువు. కంటికి కనిపించని ఆ పలకకు నాకు తెలిసిన అత్యుత్తమ సాక్ష్యం ఈ బంకమట్టి మందమే. మిలియన్ ఏళ్ళకు పైగా ఈ గుంత కుంగుతూ నిండుతూ వచ్చింది. ఆ తరువాత, గడిచిన ఏడెనిమిది లక్షల ఏళ్ళలో, ఇక్కడి దళసరి అపూలియా (ఇటలీ మడమ ప్రాంతపు) పలక దిగడానికి మొరాయించడంతో నేల తిరిగి పైకి లేచింది, సముద్రం ఆగ్నేయానికి తప్పుకుంది.

ఆ సముద్రం ఎంత పెద్దదో చెప్పడానికి మతేరా దగ్గరి సాన్ జులియానో జలాశయం ఒడ్డున 2006లో బంకమట్టిలో బయటపడిన నీలి తిమింగలం చాలు. వయసు దాదాపు 15 లక్షల ఏళ్ళు, పొడవు సుమారు 26 మీటర్లు. నేడు గోధుమ పండే ఈ మెట్టల మీద అంత జీవి ఈదిందంటే నమ్మడానికి మా వాడికి కొంత సమయం పట్టింది.

సాయంత్రం క్రాకో వెళ్ళాము. 1963లో కొండచరియ కదిలిన తరువాత జనం ఖాళీ చేసిన ఊరు ఇది. చుట్టూ గడ్డి మొలవని బంకమట్టి గుట్టలు, వానకు కోసుకుపోయి పదునైన అంచులతో నిలబడి ఉంటాయి. సముద్రపు అడుగును పైకి లేపితే గట్టి పునాది దొరకదు, ఊళ్ళు జారిపోతాయి. ఈ జిల్లాల్లో రోడ్ల మరమ్మతు ఎప్పటికీ తీరని పని.

శుక్రవారం, వాల్ దాగ్రి

చమురు బావుల కోసం కృష్ణా–గోదావరి బేసిన్ కోర్ నమూనాలను (తవ్వేటప్పుడు లోతు నుంచి తీసే రాతి కడ్డీలను) చూస్తూ ఉద్యోగ జీవితం గడిపిన నాకు ఈ లోయ మీదుగా వెళ్ళకుండా ఉండటం సాధ్యం కాలేదు. పశ్చిమ యూరప్‌లో నేల మీదనున్న అతి పెద్ద చమురు క్షేత్రం ఇక్కడే ఉంది. చమురు పగుళ్ళున్న సున్నపురాతిలో ఉంటుంది. మతేరా లోయలో నేను కాలు పెట్టిన అపూలియా సున్నపురాయికి అది అన్నదమ్ముల వరస. తేడా ఏమిటంటే, ఇక్కడ దాని మీదికి పర్వతపు రాతి పలకలు పశ్చిమం నుంచి జారి ఎక్కి, దాన్ని కిలోమీటర్ల లోతుకు అణిచాయి. వాటి మధ్య చిక్కుకున్న బంకమట్టి మూత వేసింది. ఢీ లేకపోతే ఆ లోతు, వేడి, మూత ఉండేవి కావు.

మన కేజీ బేసిన్ పుట్టుక దీనికి పూర్తిగా విరుద్ధం. భారతదేశం, అంటార్కిటికా విడిపోయినప్పుడు సాగి చీలిన అంచు మీద అది ఏర్పడింది. అక్కడ పలక ఎక్కడా లోతుకు దిగలేదు. రాజమండ్రి దగ్గర పంగిడి, కాటేరు క్వారీల్లో అవక్షేపాల నడుమ కనిపించే నల్లరాయి కూడా దిగుడు పలకలు తెచ్చింది కాదు, 6.5 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్‌లో పొంగిన లావా అంత దూరం పారి సముద్రపు అంచున గడ్డకట్టింది. రెండు చోట్లా బేసిన్‌లో అవక్షేపమూ లావా పక్కపక్కనే ఉంటాయి. చేతిలో రాతి ముక్క మాత్రమే ఉంటే తేడా తెలియదు. రసాయన విశ్లేషణ చేస్తే కొంత, చుట్టుపక్కల నిర్మాణం చూస్తే పూర్తిగా తెలుస్తుంది.

శనివారం, మెస్సీనా జలసంధి

ఇటలీ బొటనవేలులాంటి కలాబ్రియా కొండల గ్రానైట్, నైస్ అనే చారల రాళ్ళు ఇటలీకి చుట్టాల్లా వచ్చినవి. ఈ భూభాగం ఒకప్పుడు సార్డీనియాకు ఆనుకుని ఉండేది. పలక వంగుడు రేఖ ఆగ్నేయానికి జరుగుతుంటే, దాని వెంట ఈ ముక్క కూడా లాగబడి వందల కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరింది. వెనక మిగిలిన ఖాళీయే టిర్రేనియన్ సముద్రం.

జలసంధికి అటూ ఇటూ కొండవాలులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ప్రతి మెట్టూ ఒకనాటి సముద్రతీరం. 1,25,000 ఏళ్ళ కిందటి తీరం ఇప్పుడు 100 మీటర్లకు పైన ఉంది. నేల సగటున ఏటా సుమారు ఒక మిల్లీమీటరు లేస్తోందన్నమాట. లోతున పలక అంచులు తెగిపోయి, ఆ చోటికి ప్రావారం వచ్చి చేరడం దీనికి కారణమని ఒక వివరణ. లేచే నేల ఊరికే లేవదు. 1908 డిసెంబరు 28 తెల్లవారుజామున వచ్చిన 7.1 తీవ్రత భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ కలిసి మెస్సీనా, రెజ్జో నగరాలను నేలమట్టం చేశాయి. కనీసం 80,000 మంది చనిపోయారు. రైలు పెట్టెలను పట్టాలతో సహా ఓడలోకి ఎక్కించుకుని దాటించే ఫెర్రీ మీద మేము సిసిలీకి చేరుకున్నాము.

ఆదివారం, స్ట్రోంబోలి

మిలాజ్జో రేవు నుంచి వేగపు పడవలో ఎయోలియన్ ద్వీపాలకు వెళ్ళవచ్చు. ఏడు దీవులూ అగ్నిపర్వతాలే. లిపారిలో దిగి అబ్సిడియన్ (గాజులాంటి లావా), ప్యూమిస్ (నురుగులాంటి తేలికరాయి) రాళ్ళను కాసేపు చూసి, స్ట్రోంబోలికి సాగాము. సముద్ర మట్టం పైన ఇది 924 మీటర్లు. నీటి కింద ఇంకో రెండు వేల మీటర్లు. 2019 జులై, ఆగస్టు నెలల్లో వచ్చిన రెండు పెద్ద విస్ఫోటనాల తరువాత శిఖరం మీదికి ఎవరినీ పోనివ్వడం లేదు. అందుకని రాత్రి పడవలో వెళ్ళి, వాయవ్యపు వాలు సియారా దెల్ ఫువోకో ఎదుట ఆగి చూశాము. పది, ఇరవై నిమిషాలకు ఒకసారి ఎర్రటి రాళ్ళు ఎగిసి, వాలు వెంట దొర్లుతూ సముద్రంలో పడ్డాయి. 2002 డిసెంబరు 30న ఇదే వాలు కొంత భాగం విరిగి సముద్రంలో పడి సునామీ లేపింది.

ఈ దీవుల కింద దిగుడు పలక నిటారుగా, దాదాపు 70 డిగ్రీల వాలుతో ఉంది. అక్కడ పుట్టే భూకంపాలు వాయవ్య దిశగా లోతెక్కుతూ టిర్రేనియన్ సముద్రం కింద 500 కిలోమీటర్ల దాకా కనిపిస్తాయి. పలకతో పాటు లోపలికి వెళ్ళిన అవక్షేపాల్లోనూ ఖనిజాల్లోనూ ఉన్న నీరు వేడికి, ఒత్తిడికి బయటపడి పైనున్న ప్రావారంలోకి ఊరుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. పొడి రాయి కరగని చోట తడి రాయి కరిగి శిలాద్రవం కావడం, ఆ నీరే పైకి వచ్చేసరికి ఆవిరై పేలుళ్ళకు బలాన్నివ్వడం, ఇదీ ఇక్కడి ఎడతెగని బాణాసంచా వెనకనున్న సంగతి. మాకు ఎదురుగా, చీకటి నీటి కింద, మార్సిలి అనే మరో అగ్నిపర్వతం ఉంది. సముద్రపు అడుగు నుంచి దాదాపు 3,000 మీటర్లు లేచి, ఉపరితలానికి 500 మీటర్ల దిగువన ఆగిపోయింది. టిర్రేనియన్ సముద్రంలో అన్నిటికంటే చివరగా, గత 20 లక్షల ఏళ్ళలో తెరుచుకున్న భాగం మధ్యలో అది ఉంది.

మంగళవారం, ఎట్నా

రిఫూజో సాపియెన్జా దగ్గర, 1,900 మీటర్ల ఎత్తున, కేబుల్ కారు ఎక్కి 2,500 మీటర్ల దాకా వెళ్ళాము. ఎట్నా ఎత్తు విస్ఫోటనాలతో మారుతూ ఉంటుంది. 3,300 మీటర్లకు పైనే ఉంటుందని చెప్పడం క్షేమం. 1669లో దీని లావా కతానియా నగరం దాకా వచ్చింది. 1928లో మస్కాలి ఊరిని మింగేసింది. 1991లో మొదలైన ప్రవాహాన్ని జఫెరానా ఊరి మీదికి పోకుండా పేలుడు పదార్థాలతో దారి మళ్ళించారు.

ఎట్నా ఉన్న చోటు వుల్తూరె కంటే పెద్ద చిక్కుముడి. దిగుడు పలక మీదుగా లేచే అగ్నిపర్వతాల వరుస ఎయోలియన్ దీవులతో ముగిసింది. ఎట్నా ఆ వరుసకు ఎదుట, ఆఫ్రికా ఖండపు అంచు మీద ఉంది. దీని కింద నేరుగా దిగుడు పలక లేదు. యూరప్‌లోకెల్లా అతి పెద్ద క్రియాశీల అగ్నిపర్వతం ఇక్కడ ఎందుకుండాలి? 1999లో నేచర్ పత్రికలో గ్విర్ట్స్‌మన్, నూర్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన సమాధానం ఇది: పడవ తెడ్డును నీళ్ళలో అడ్డంగా పెట్టి లాగితే, ముందున్న నీరు రెండు అంచుల చుట్టూ సుడి తిరిగి వెనక్కి చేరుతుంది. అయోనియన్ పలక సన్నని పట్టీ. ఆగ్నేయానికి జరుగుతున్నప్పుడు దాని ముందున్న ప్రావారం ఎటో పోవాలి, వెనకనున్న ఖాళీ ఎలాగో నిండాలి. ఆఫ్రికా కిందనున్న ప్రావారం పలక నైరుతి అంచును చుట్టుకుని పక్కలకు, పైకి పీల్చబడుతుంది. పైకి వచ్చిన కొద్దీ ఒత్తిడి తగ్గి కరుగుతుంది. నీటి సాయం లేకుండానే ఇక్కడ ఇంత శిలాద్రవం పుట్టడానికి అదే దారి.

మా వాడు దీనికి ఒప్పుకోలేదు. "మావయ్యా, కిందికెళ్ళి చూసినవాడెవడూ లేడుగా!" అన్నాడు. న్యాయమైన మాటే. అయితే ప్రావారంలో ఎక్కువగా ఉండే ఆలివిన్ అనే ఖనిజపు స్ఫటికాలు ప్రవాహ దిశకు ఒదిగి వరుసలో నిలుస్తాయి, అలా నిలిచిన రాతిలో భూకంప తరంగం ఒక దిశలో కంపిస్తే వేగంగా, అడ్డదిశలో కంపిస్తే నెమ్మదిగా సాగుతుంది. దూర దేశాల భూకంపాల తరంగాలను ఇక్కడి కేంద్రాల్లో నమోదు చేసి చూస్తే, కలాబ్రియా కింద ఆ వేగపు దిశ పలకకు సమాంతరంగా ఉండి, అంచుల దగ్గర మలుపు తిరుగుతున్నట్టు తేలింది. ప్రవాహాన్ని ప్రత్యక్షంగా చూడటానికి ఇంతకంటే దగ్గరగా పోలేము. లావా రసాయనం కూడా ఒక మాట చెబుతుంది: ఎట్నా తొలి లావాలకు దిగుడు పలక వాసన లేదు, ఇటీవలి వాటిలో నీరు, పొటాషియం వంటివి పెరుగుతున్నాయి. అంచు దగ్గరవుతున్న కొద్దీ పలక స్రావాలు ఈ కొండ వేళ్ళకు తగులుతున్నాయేమో. నేలలోని చీలికలే కారణమని, ప్రవాహం ప్రధానం కాదని వాదించేవారూ ఉన్నారు. నా మటుకు ఈ రెండూ పోటీ వాదాలుగా కనిపించవు: కరగడానికి ప్రవాహం, పైకి రావడానికి చీలిక, రెండూ కావాలి.

బుధవారం, ఆచి త్రెజ్జా

కతానియాకు ఉత్తరాన ఉన్న ఈ పల్లెకారుల ఊరి ఎదుట, సముద్రంలో నల్లరాతి స్తంభాల గుట్టలు నిలబడి ఉన్నాయి. ఎట్నా పుట్టుక ఇక్కడ మొదలైంది. దాదాపు అయిదు లక్షల ఏళ్ళ కిందట, సముద్రపు అడుగునున్న మెత్తని బంకమట్టిలోకి శిలాద్రవం చొరబడి చల్లబడింది. లాకియా దీవి మీద కింద నల్లటి బసాల్ట్, దాని మీద టోపీలా కాలిన తెల్లని బంకమట్టి ఉన్నాయి. రెండింటి హద్దు మీద చేయి పెట్టవచ్చు. ఈ బంకమట్టి మతేరాలో చూసిన దానికి వయసులోనూ స్వభావంలోనూ దగ్గర. పర్వతం ముందు కుంగిన ద్రోణిని నింపినదే. పక్కనున్న ఆచి కాస్తెల్లో కోట నీటిలో చల్లబడిన దిండు ఆకారపు లావాల మీదే కట్టారు.

అన్నిటికంటే పెద్ద అగ్నిపర్వతం అన్నిటికంటే బలహీనమైన నేల మీద కట్టుకోవడం వల్ల కలిగిన ఫలితం ఇవాళ్టికీ కొలతల్లో కనిపిస్తుంది. ఎట్నా తూర్పు భుజం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున సముద్రం వైపు జారుతోంది. శిలాద్రవపు ఒత్తిడికీ సొంత బరువుకూ తోడు, కింది బంకమట్టి జారుడు కూడా అందులో పాలు పంచుకుంటోందని చాలామంది అభిప్రాయం. ఈ వాలు మీది ఊళ్ళలో గోడల పగుళ్ళు, వంకర తిరిగిన రోడ్డు అంచులు చూడటానికి ఎవరి సాయమూ అక్కరలేదు.

శుక్రవారం, ఎరాక్లియా మినోవా

కల్తనిసెత్తా మీదుగా సిసిలీ నడిగడ్డను దాటుతుంటే జిప్సం గుట్టలు, మూతబడిన గంధకపు గనులు ఎదురయ్యాయి. 19వ శతాబ్దంలో ప్రపంచపు గంధకంలో అధిక భాగం ఈ గనుల నుంచే వెళ్ళేది. మధ్యాహ్నం దక్షిణ తీరంలోని ఎరాక్లియా మినోవా చేరుకుని, గ్రీకు రంగస్థలాన్ని దాటి సముద్రపు ఒడ్డుకు దిగాము. కింద జిప్సం, దాని మీద ఇసుక పొరలు, ఆ పైన ఉన్నట్టుండి తళతళలాడే తెల్లని సున్నపు బంకమట్టి. ప్రపంచమంతటికీ ప్లయొసీన్ యుగపు ఆరంభాన్ని నిర్ణయించే ప్రామాణిక స్థానం ఈ హద్దే, వయసు 53.3 లక్షల ఏళ్ళు. తెల్లని రాతిలోని సన్నని చారలు భూమి అక్షపు ఊగిసలాటను అనుసరించి, సుమారు 21,000 ఏళ్ళకు ఒక జట్టు చొప్పున ఏర్పడ్డాయి.

హద్దుకు కింది కథ తెలిసిందే. 59.7 లక్షల ఏళ్ళ కిందట మధ్యధరా సముద్రానికి అట్లాంటిక్‌తో సంబంధం తగ్గిపోయింది. వచ్చే నీటి కంటే ఆవిరయ్యే నీరు ఎక్కువై, లోతట్టు ప్రదేశాల్లో కిలోమీటరుకు మించిన మందాన ఉప్పు పేరుకుంది. 1970లో గ్లోమార్ చాలెంజర్ ఓడ సముద్రపు అడుగు తవ్వి ఆ ఉప్పును, జిప్సంను బయటపెట్టినప్పుడు ఆ బృందానికి నాయకత్వం వహించిన ఇద్దరిలో ఒకరు విలియం రయన్. టిర్రేనియన్ గురించి 1986 నాటి వ్యాసం రాసిన ఇద్దరిలోని రయన్ ఈయనే. సముద్రం పూర్తిగా ఎండిందా, సగం తగ్గిందా అన్న తగవు ఇంకా తెమలలేదు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచిన ప్రశ్న, తలుపు ఎవరు మూశారన్నది. సముద్ర మట్టం తగ్గడం ఒక్కటే చాలదు.

2003లో డుగ్గెన్ అనే శాస్త్రవేత్త బృందం స్పెయిన్, మొరాకోల లావాలను పరిశీలించి ఒక జవాబు చెప్పింది. 63 లక్షల ఏళ్ళకూ 48 లక్షల ఏళ్ళకూ మధ్య అక్కడి లావాల రసాయనం మారిపోయింది: అంతకు ముందు దిగుడు పలక గుర్తున్న లావాలు, తరువాత లోతట్టు ప్రావారం గుర్తున్న లావాలు. జిబ్రాల్టర్ దగ్గర కూడా ఒక పలక పశ్చిమానికి వెనకడుగు వేస్తూ, ఖండపు అంచు నుంచి ఊడివస్తుంటే, ఆ చోటికి వేడి ప్రావారం పైకి వచ్చి నేలను దాదాపు కిలోమీటరు ఎత్తిందని, ఆ ఎత్తే అట్లాంటిక్ నీటికి అడ్డుకట్ట అయిందని వారి వాదం. సిసిలీలో నా కాలి కింది జిప్సానికి కారణం సుమారు పదహారు వందల కిలోమీటర్ల దూరంలో, ప్రావారంలో ఉందన్నమాట. ఆ పలక ఇంకా అక్కడే ఉంది. 1954 మార్చి 29న గ్రనడా దగ్గర 600 కిలోమీటర్లకు పైబడిన లోతులో పెద్ద భూకంపం వచ్చింది. అంత లోతున మామూలు ప్రావారం విరగదు, చల్లని పలక మాత్రమే విరుగుతుంది. 2010లో అదే చోట మరొకటి వచ్చింది.